ముక్కు పోయినవాళ్ళ ఇల్లు

ఒక పెద్ద అడవిలో పనులన్నీ ముక్కుతోనే జరిగేవి. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు పిల్లను చూసేవాళ్ళు కాదు, వాసన చూసేవాళ్ళు. తగువు వస్తే సాక్షుల మాట వినేవాళ్ళు కాదు, వాళ్ళను అటూ ఇటూ వాసన చూసి నిజమో అబద్ధమో తేల్చేసేవాళ్ళు. కళ్ళు మోసం చేస్తాయి, చెవులు చాడీలు వింటాయి, ముక్కొక్కటే ధర్మం తప్పదని వాళ్ళ పెద్దలు చెప్పిపోయారట. ఏ పెద్దలు, ఎప్పుడు చెప్పారని అడగకూడదు. అడిగినవాళ్ళను కూడా వాసన చూసేవాళ్ళు.

ఆ అడవిని ఏలే మండలికి అధ్యక్షుడు కుంభయ్య అనే ఏనుగు. మంచివాడనీ కాదు, తెలివైనవాడనీ కాదు. అందరికన్నా పొడుగు ముక్కు ఆయనదే కాబట్టి ఇంకో అర్హత గురించి ఎవరూ ఆలోచించలేదు. ఆయనకు ఒక పక్క ఎలుగుబంటి, ఇంకో పక్క రేచుకుక్క కూర్చునేవాళ్ళు. అధ్యక్షులవారు ఏమన్నా ఎలుగుబంటి "అంతే కదా మరి" అనేవాడు. రేచుకుక్క ఇంకా చురుకైనవాడు, అధ్యక్షులవారు అనబోయేదానికి ముందే తలూపేవాడు.

ముసలితనానికి కూడా అక్కడ ముక్కే కొలత. పళ్ళూడాయా, నడుం వంగిందా అన్నది ఎవరికీ పట్టదు. ముక్కు ముందు గుప్పెడు ఇప్పపూలు పెడతారు. వాసన తెలిస్తే పడుచు, తెలియకపోతే ముసలి. ముసలి అని తేలినవాళ్ళ మాట ఇక సభలో చెల్లదు. వాళ్ళు ఏదో ఒక వృద్ధ నిలయంలో చేరాలి, వాళ్ళ మేత అడవి గాదె నుంచి అక్కడికే పోతుంది. ఈ నియమాలన్నీ పెట్టింది కుంభయ్యే. పెట్టిన రోజున ఆయన ముక్కు దివ్యంగా పనిచేస్తోంది.

ఇక మన పెంచలయ్య సంగతి. పెంచలయ్య అలుగు. ఒంటినిండా పెంకుల్లాంటి పొలుసులు, నోట్లో ఒక్క పన్ను లేదు, మూరెడు నాలుక. చీమలూ చెదలూ తిని బతికే జాతి. భయమేస్తే బంతిలా చుట్టుకుపోవడం తప్ప ఇంకో విద్య రాదు. మండలి కూర్చునే మద్దిచెట్టు దుంగలకు చెద పట్టకుండా చూడటం అతని ఉద్యోగం. ఆ ఉద్యోగంలో జీతమూ భోజనమూ ఒకటే.

అతనికి ఈ లోకంలో ఉన్నది ఒక్క పెద్దమ్మ, ఓబుళమ్మ. తల్లి చిన్నప్పుడే పోతే పెద్దమ్మే తన తోక మీద ఎక్కించుకుని అడవంతా తిప్పి పెంచింది. ఆ తోక మీద కూర్చునే అతను లోకం చూశాడు. ఇప్పుడు ఆవిడ ముక్కు పోయింది.

అలుగుకు ముక్కు పోవడమంటే మాటలు కాదు. పుట్ట కనపడితే నాలుక పెట్టడం ఆ జాతి అలవాటు. పెట్టేముందు లోపలున్నది చెదలా, నాగుపామా అని వాసన చూసుకుంటారు. ఓబుళమ్మ ఈమధ్య చూసుకోకుండానే పెట్టింది. లోపలున్న నాగుపాము కాస్త పెద్దమనిషి కాబట్టి తల పక్కకు తీసుకుని, "అమ్మా, ఇది సంసారుల కొంప" అన్నాడట. ఈ మాట ఆ పామే స్వయంగా వచ్చి పెంచలయ్యతో చెప్పి, మీవాళ్ళను కాస్త చూసుకోండి నాయనా అని హితవు చెప్పి వెళ్ళాడు.

పెంచలయ్యకు గుండెల్లో రాయి పడింది. ప్రతి పుట్టలోనూ అంత మర్యాదస్థుడే ఉంటాడని నమ్మకం ఏముంది? తను పొద్దస్తమానం దుంగల దగ్గర ఉండాలి. పెద్దమ్మను కనిపెట్టుకుని ఉండేవాళ్ళు కావాలి. ఆవిడేమో "నా నాలుక నా ఇష్టం" అంటుంది. చివరికి, మంచి నిలయం దొరికితేనే చేరుస్తాననీ లేకపోతే లేదనీ ఒట్టు పెట్టుకుని వెతకడానికి బయలుదేరాడు. పెద్దమ్మను సుఖంగా ఉంచే చోటు, అంతే, అతనికి ఇంకేం అక్కర్లేదు.

మొదట వాగు ఒడ్డున వరాలమ్మ అనే అడవిపంది నడిపే చోటికి పోయాడు. పేరుకు నిలయమే గానీ అది ఒక పెద్ద బురదగుంట, నాలుగు ఆకుల పందిళ్ళు. దూరం నుంచే వాసన వచ్చింది. తడిసిన బొచ్చు, కషాయం, ఉచ్చ, ఉడికిన గంజి అన్నీ కలిసిన కంపు. పెంచలయ్య మూడుసార్లు తుమ్మాడు. ఆ అడవిలో తుమ్మంటే ఆక్షేపణ.

పైగా అక్కడ ఒకటే తిట్లు. ఒక ముసలి కొండముచ్చు తన వీపు గోకేవాళ్ళు లేరని అరుస్తున్నాడు. ఒక ముసలి ముళ్ళపంది దొప్ప ఎత్తి చూపించి, "ఇది గంజా, కడుగునీళ్ళా?" అని వరాలమ్మ ఏడుతరాలనూ తిడుతున్నాడు. వరాలమ్మ నోట్లో నీళ్ళబుర్ర కరుచుకుని అటు పరుగు, ఇటు పరుగు. బుర్ర కింద పెట్టి ముళ్ళపందికి జవాబిచ్చింది.

"ముందు తాగు తాతా, తాగి తిట్టు. ఉత్త కడుపుతో తిడితే గొంతు పోతాది."

పెంచలయ్య మనసులో చీ అనుకున్నాడు. చేరినవాళ్ళే ఇంత మొరపెట్టుకుంటుంటే ఇంక చేరబోయేవాళ్ళ గతేంటి? పలకరించకుండానే వెనక్కి తిరిగాడు.

రెండోది కొండ కింది సౌరభ నిలయం. దాని పేరు వినని ప్రాణి అడవిలో లేదు. ఏటేటా మండలివారి మెప్పు దానికే. ఈసారి పెద్దమ్మను కూడా తోక మీద ఎక్కించుకుని పోయాడు.

గుమ్మంలోనే సువాసన ఎదురొచ్చింది. మొగలిపూలూ గంధమూ తేనెపట్టూ కలిపి నూరినట్టుంది. పెంచలయ్యకు కళ్ళు అరమోడ్పులయ్యాయి. ఎదురొచ్చిన రెండోది సుహాసరావు గారి నవ్వు. సుహాసరావు గారు దుమ్ములగొండి. ఆ జాతి ముఖాన నవ్వు పుట్టుకతోనే వస్తుంది, చావు కబురు చెప్పేటప్పుడు కూడా పోదు. కానీ చూసినవాళ్ళకు ఎంత ఆదరణో అనిపిస్తుంది.

"మా దగ్గర చేరినవాళ్ళలో ఇంతవరకూ ఒక్కరు కూడా వదిలి వెళ్ళలేదండి" అన్నాడు సుహాసరావు.

పెంచలయ్య ముచ్చటపడ్డాడు. పెద్దమ్మ మాత్రం తోక మీంచి మెడ సాచి, "బయటికి పోయే తలుపు యాడుందిరా?" అంది. అతను సిగ్గుతో చచ్చిపోయి ఆవిణ్ణి ఊరుకోమన్నాడు.

పెరట్లో కస్తూరమ్మ అనే పునుగుపిల్లి పనసతొనల మధ్య, అరటిగెలల మధ్య కూర్చుని గంధపు గుంజకు ఒళ్ళు రుద్దుకుంటోంది. ఆ ఒంటినుంచి జారే పునుగే ఇంటికంతటికీ పూస్తారు. ముసలివాళ్ళకని గాదె నుంచి వచ్చే పళ్ళు ఈవిడెందుకు తింటోందని ఓబుళమ్మ అడిగింది. ఆవిడ తింటేనే కదమ్మా ఇల్లు బాగుండేది అని సుహాసరావు నవ్వాడు. మాటలో తప్పేమీ కనపడక పెంచలయ్య కూడా నవ్వాడు.

లోపల అరుగు మీద ముసలివాళ్ళు వరసగా కూర్చుని ఉన్నారు, అందరి మెడల్లోనూ పూలదండలు. సుహాసరావు ఒక ఎండు సొరబుర్రను టకటక కొట్టాడు. అందరూ ఒక్క గొంతుతో "చాలా బాగుంది" అన్నారు. చివర కూర్చున్న కుందేలు నిద్రలోనే అన్నాడు. ఎంత క్రమశిక్షణ అని పెంచలయ్య అనుకున్నాడు. వాగు ఒడ్డు తిట్లు గుర్తొచ్చి మళ్ళీ చీ అనుకున్నాడు.

ఓబుళమ్మ ప్రశ్నలు ఆగలేదు. నీళ్ళతొట్టి అంత ఎత్తున ఎందుకు కట్టారంది. నిజమే, అది తాటిదుంగల మీద రెండు నిలువుల ఎత్తున ఉంది. అధ్యక్షులవారు ఒకసారి తనిఖీకి వచ్చినప్పుడు తొండానికి సరిగ్గా అందిందని మెచ్చుకున్నారనీ, అప్పటినుంచీ ఆ ఎత్తు మార్చే సాహసం చేయలేదనీ సుహాసరావు వినయంగా చెప్పాడు.

వెళ్ళేముందు ఓబుళమ్మ పెంచలయ్య చెవి దగ్గరికి జరిగింది.

"వాసన నేనేం జేసుకునేదిరా అబ్బీ? ఈడ నాకు ముక్కే లేకపాయె, ఈళ్ళకూ లేకపాయె. నేను పిలిస్తే ఎవరొస్తారో అది చూడు. ఒకసారి పిలిచి చూడు."

"పెద్దమనిషికి పరీక్ష పెట్టినట్టు ఉంటాది పెద్దమ్మా" అన్నాడు పెంచలయ్య.

ఆవిడ అతని తోకను పట్టుకున్న పట్టు మెల్లగా వదిలి కిందికి దిగింది. అతను వెనక్కి చూడకుండా వచ్చేశాడు, చూస్తే తీసుకొచ్చేస్తానని భయం. ఆ సాయంత్రం అతనికి చెదల వాసనే తెలియలేదు, తిన్నది మట్టో చెదో కూడా తెలియలేదు. దుఃఖం వల్ల అనుకున్నాడు.

కొన్నాళ్ళకు మండలివారి తనిఖీ వచ్చింది. తనిఖీకి నివాసుల బంధువు ఒకరు వెంట ఉండాలని నియమం. దుంగల కింద పని చేసుకుంటున్న పెంచలయ్య కనపడ్డాడు కాబట్టి కుంభయ్య అతన్నే రమ్మన్నాడు. పెద్దమ్మను చూడొచ్చని అతను ఎగిరి గంతేసినంత పని చేశాడు.

ఈసారి ఎలాగైనా సౌరభరత్న పతకం కొట్టాలని సుహాసరావు కంకణం కట్టుకున్నాడు. గాదె నుంచి వచ్చిన పళ్ళన్నీ ఒక్కటి మిగల్చకుండా కస్తూరమ్మకే పెట్టించాడు. ఆవిడ తిన్నది తిన్నట్టే పునుగు రాల్చింది. గుంజలకు, గుమ్మాలకు, మెట్లకు, ఆఖరికి నివాసుల చెవుల వెనక కూడా పూసేశారు. ఇంత పూస్తే ముక్కులు మొద్దుబారతాయని కస్తూరమ్మ ఒక మాట అన్నదట. సుహాసరావు నవ్వాడు. నవ్వితే సరే అన్నట్టో కాదన్నట్టో ఎవరికి తెలుసు?

తనిఖీ పద్ధతి ఏమిటంటే, కళ్ళు మూసుకుని చేయాలి. చూపు ముక్కును చెడగొడుతుందని శాస్త్రం. కుంభయ్య కళ్ళు మూసుకుని తొండం చాపి నడిచాడు. ఆయన తోక పట్టుకుని ఎలుగుబంటి, ఎలుగుబంటి బొచ్చు పట్టుకుని రేచుకుక్క, వెనకాల పెంచలయ్య. నలుగురూ నిలయమంతా తిరిగి గుండెలనిండా పీల్చారు. అబ్బబ్బ అన్నాడు కుంభయ్య. అంతే కదా మరి అన్నాడు ఎలుగుబంటి. సొరబుర్ర మోగింది, చాలా బాగుందన్నారు నివాసులు. ఆ గొంతుల్లో పెద్దమ్మ గొంతు కోసం పెంచలయ్య చెవులు రిక్కించాడు.

అది వేరే వైపు నుంచి వినపడింది. "ఒరే అబ్బీ, దప్పికరా."

పెంచలయ్య కళ్ళు తెరిచాడు. పెద్దమ్మ తొట్టి కింద నేల మీద పడి ఉంది. తొట్టి పగులులోంచి రాలే చుక్క కోసం మూరెడు నాలుకా చాపి పడుకుంది. పొలుసుల మధ్య మట్టి ఎండి పగిలింది. అరుగు మీద కణితి అనే ముసలి దుప్పి మెడలో దండ తాజాగానే ఉంది, కింద కాలి పుండు మీద ఈగలు ముసిరి ఉన్నాయి. కుందేలు కూర్చున్న చోటు తడిగా ఉంది, ఎప్పటినుంచి తడిగా ఉందో ఎవరికీ తెలిసేలా లేదు.

"సామీ, కళ్ళు తెరిచి చూడండి, మా పెద్దమ్మ దప్పికతో పడి ఉండాది" అని అరిచాడు.

కుంభయ్య కళ్ళు మూసుకునే అటు తిరిగాడు. "నువ్వు కళ్ళు తెరిచావా?"

"తెరిచినా సామీ."

"అయితే నీ సాక్ష్యం చెల్లదు" అన్నాడు కుంభయ్య. రేచుకుక్క అప్పటికే తలూపేశాడు.

సౌరభరత్న పతకం ప్రకటించారు. పతకం అంటే తామరాకు మీద కుంభయ్య తొండపు ముద్ర. ఆ సంతోషంలో సుహాసరావు గంపెడు ఇప్పపూలు తెప్పించి వారి ముందు పెట్టాడు. కుంభయ్య తొండం ముంచాడు. ఏ వాసనా రాలేదు. పూలు పాతవన్నాడు. పాతవే అన్నాడు రేచుకుక్క. ఎలుగుబంటి మాత్రం గంపలో మూతి పెట్టి చాలాసేపు అలాగే ఉండి, బావురుమని ఏడ్చాడు. ఇప్పపూల విషయంలో ఎలుగుబంటి జాతి అబద్ధం ఆడలేదు.

"నా ముక్కు పోయింది. మీ అందరి ముక్కులూ పోయాయి. ఇవి ఇప్పుడే రాలిన పూలు, చెమ్మ కూడా ఆరలేదు" అన్నాడు. పుట్టాక సొంతంగా చెప్పిన మొదటి మాట అదే.

పెంచలయ్య కూడా వాసన చూశాడు. పూల ముందు నిలబడినట్టే లేదు, గాలి ముందు నిలబడినట్టుంది.

సుహాసరావు నవ్వు ఈ చెవి నుంచి ఆ చెవి దాకా సాగింది. ఇప్పపూల వాసన తెలియనివాళ్ళు ముసలివాళ్ళు, ముసలివాళ్ళు నిలయంలో ఉండాలి, నియమం తమరు పెట్టిందే కదండీ అన్నాడు. ఏనుగు మేత అంటే గాదె నుంచి బండ్లకొద్దీ వస్తుంది. ఆ ఆలోచనతోనే సుహాసరావు నోట నీళ్ళూరాయి. కుంభయ్య ఘీంకరించి, ఆ నియమం ఇప్పుడే రద్దు చేస్తున్నానన్నాడు.

"ముక్కు లేనివారి మాట చెల్లదని కూడా తమరే పెట్టారండి" అన్నాడు సుహాసరావు, ఎంతో గౌరవంగా.

అలా తనిఖీకి వచ్చినవాళ్ళు నలుగురూ నిలయంలో చేరారు. మెడల్లో దండలు వేసి అరుగు మీద కూర్చోబెట్టారు. అరుగు సగం కుంభయ్యకే సరిపోయింది.

బుర్ర మోగినప్పుడు చాలా బాగుందన్నవాళ్ళకు దొప్పెడు గంజి, అననివాళ్ళకు లేదు. కుంభయ్య అననన్నాడు, అడవినేలినవాణ్ణన్నాడు. దొప్ప ముందుకు జరిగిపోయింది. రెండోనాడు ఎలుగుబంటి ఏడుస్తూ అన్నాడు. రేచుకుక్క అయితే బుర్ర మోగకముందే అంటూ వచ్చాడు, రెండు దొప్పలు వస్తాయేమోనని. కుంభయ్య పొద్దంతా "ఎవరక్కడ?" అని పిలిచాడు. ఎవరూ రాలేదు. జీవితంలో ఆయన పిలవకముందే వచ్చేవాళ్ళు తప్ప పిలిచినా రానివాళ్ళు ఆయనకు తెలియరు. అందుకని తన గొంతే పోయిందేమోనని అనుమానపడ్డాడు.

పెంచలయ్య మాత్రం దుంగ పట్టుకుని తొట్టి మీదికి పాకాడు. తోకను నీళ్ళలో ముంచి కిందికి వేలాడదీశాడు. పెద్దమ్మ ఆ తోకను నాకి నాకి దప్పిక తీర్చుకుంది. తర్వాత కణితి వచ్చాడు, కుందేలు వచ్చాడు. అందరూ అయ్యాక అతను కిందికి దిగి పెద్దమ్మ పక్కన కూలబడ్డాడు.

"పెద్దమనిషికి పరీక్ష పెట్టకూడదంటివి. ఇప్పుడు పరీక్ష ఎవరికిరా?" అంది ఓబుళమ్మ. నాలుగు చుక్కల నీళ్ళు పడేసరికి ఆవిడకు తిట్టే ఓపిక వచ్చినందుకు పెంచలయ్యకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

సుహాసరావు ఎత్తుగడ బాగానే ఉంది గానీ, ఏనుగును పస్తు పెట్టడం ఎలాంటి పనో ఆయన ఆలోచించలేదు. మూడోనాడు కుంభయ్య కళ్ళకు, తన మేత పేరిట గాదె నుంచి పెరట్లోకి వచ్చిన పనసకాయలు ఆనాయి. ఆ ఇంట్లో ఆయన కళ్ళు తెరిచి చూసిన మొదటి వస్తువు అదే. లేచి నడిచాడు. దారిలో గోడ ఉంది, తర్వాత లేదు. కంచె ఉంది, అదీ లేదు. కస్తూరమ్మ ముందున్న గుట్ట మొత్తం, తొక్కలతో సహా, మింగేశాడు. కస్తూరమ్మ ఖాళీ నేలనూ కుంభయ్య కడుపునూ మార్చి మార్చి చూసింది. పస్తులుండి పరిమళాలు చిమ్మడం తనవల్ల కాదని చెప్పి, పడిపోయిన కంచె మీంచి దాటి అడవిలోకి వెళ్ళిపోయింది.

మర్నాటికి పూసిన పునుగు ఆరిపోయింది. ఏళ్ళ తరబడి దాని కింద అణిగి ఉన్న అసలు వాసన లేచింది. లేచి, కొండ దిగి, అడవంతా పాకింది.

అడవి మొత్తం తుమ్మింది. జింకలు మేత మధ్యలో తుమ్మాయి. పులి వేట మీదికి దూకబోతూ గాల్లోనే తుమ్మి పక్కన పడ్డాడు. తుమ్మంటే ఆక్షేపణ కదా, ఇన్ని ఆక్షేపణలు ఎవరు లెక్కపెట్టగలరు? ముక్కులకు ఆకులు చుట్టుకుని అందరూ సౌరభ నిలయం గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

తుమ్మనివాళ్ళు ఇంటిలోపలివాళ్ళే. వాళ్ళకు ముక్కులు లేవు. వాళ్ళతోపాటు తుమ్మనివాడు ఇంకొకడు కూడా ఉన్నాడు. సుహాసరావు నవ్వుతూ ఎదురెళ్ళి, "దయచేయండి, ఇవాళ సువాసన మరీ దూరం వచ్చినట్టుంది" అన్నాడు.

జనంలోంచి ఎవరో గుప్పెడు ఇప్పపూలు తెచ్చి ఆయన ముక్కు ముందు పెట్టారు. ఆయన కళ్ళు మూసుకుని గాఢంగా పీల్చాడు.

"తామరపూలు కదండీ" అన్నాడు.

ఏళ్ళ తరబడి ఆ పునుగులో బతికి ఆయన ముక్కు ఎప్పుడో పోయింది. లెక్కప్రకారం ఆ నిలయంలో అందరికన్నా పాత ముసలివాడు ఆయనే. ఆయన ముక్కు ముందు ఎవరూ ఇప్పపూలు పెట్టలేదు కాబట్టి బయటపడలేదు.

ఈ గొడవలో పెంచలయ్య పెద్దమ్మను తోక మీదికి ఎక్కించుకుని, పడిన గోడ దాటి బయలుదేరాడు. వెనకాల కణితి కుంటుకుంటూ వచ్చాడు. కుందేలు కణితి వీపు మీద నిద్రపోతూ వచ్చాడు. ఎక్కడికని ఎవరూ అడగలేదు. పెంచలయ్యకు కూడా వాగు దగ్గరికి వచ్చేదాకా తెలియదు. దూరం నుంచి తిట్లు వినపడ్డాయి. గంజి పలచగా ఉందని ఒకరు, చిక్కగా ఉందని ఒకరు. అతని కాళ్ళు వాటంతట అవే వేగం పెంచాయి. వాసన ఏమీ రావడం లేదు, ముక్కు ఇంకా రాలేదు.

గుమ్మం ముందు ఆగాడు. ఈసారి మొహమాటపడలేదు. గొంతెత్తి, "ఎవరక్కడ? దప్పిక" అని పిలిచాడు.

"వస్తాండా, వస్తాండా, ప్రాణం పోతాందా ఏంది" అని తిట్టుకుంటూ, నోట్లో నీళ్ళబుర్రతో వరాలమ్మ పరుగున వచ్చింది. వచ్చినవాళ్ళెవరని అడగలేదు. బుర్రను నేరుగా ఓబుళమ్మ మూతి ముందు, నేల మీద పెట్టింది.

పెంచలయ్య అక్కడే కూర్చుండిపోయి ఏడ్చాడు. ఇంత దూరం వచ్చి పిలిచినందుకు కాదు, ఆనాడు సౌరభ నిలయంలో ఒక్క పిలుపు పిలవనందుకు ఏడ్చాడు.

నాలుగు రోజులకు ముక్కులు తిరిగొచ్చాయి. కుంభయ్య మళ్ళీ దుంగ ఎక్కాడు. అనుభవం మీద నేర్చుకున్నవాడు కాబట్టి మొదటి తీర్మానమే గట్టిది చేశాడు. మండలి సభ్యుల ముక్కులు పనిచేసినా, చేయకపోయినా వాళ్ళు ముసలివాళ్ళు కారు. ఇకపై తనిఖీలో కళ్ళతోపాటు చెవులు కూడా మూసుకోవాలి, ఎందుకంటే మొన్న ఎవరో దప్పిక అని అరిచి తనిఖీ చెడగొట్టారు. కస్తూరమ్మను వెతికించి, అన్ని నిలయాలకూ కలిపి సుగంధ సలహాదారుగా వేశారు. ఎలుగుబంటి అంతే కదా మరి అన్నాడు, అని ఇప్పపూల వైపు చూసి ఒక్కసారి కళ్ళు తుడుచుకున్నాడు.

పెంచలయ్య ముక్కు వాగు ఒడ్డున ఉండగా తిరిగొచ్చింది. రావడం రావడం అక్కడి కంపు గుప్పున తగిలి అతను తుమ్మాడు. అటుగా పోతున్న రేచుకుక్క ఆ తుమ్ము విని, నివాసుల బంధువే ఆక్షేపించాడని మండలికి చేరవేశాడు. ఆ ఏడు వరాలమ్మ చోటు అన్నిటికన్నా అధమమని ప్రకటించారు. వరాలమ్మకు ఆ సంగతి చెప్తే, గంజి మాడుతోంది, తర్వాత చెప్పమంది.

సుహాసరావును కూడా అక్కడే చేర్చారు. ఇప్పుడు అందరికన్నా గట్టిగా తిట్టేది ఆయనే, అదీ నవ్వుతూ. గంజిలో ఉప్పు లేదంటాడు, మర్యాద లేదంటాడు, సువాసన అసలే లేదంటాడు. ఓబుళమ్మ పక్క పందిట్లోంచి, "ముక్కే లేనోడివి, సువాసన నీకెందుకురా" అని అందుకుంటుంది. ఇద్దరూ అలా పొద్దుగూకేదాకా పోట్లాడుకుంటారు.

పెంచలయ్య రోజూ పనికి పోయేముందు వాగు అవతలి గట్టున ఒక్క క్షణం నిలబడతాడు. పెద్దమ్మ తిట్లు వినపడితే చాలు, నిశ్చింతగా దుంగల దారి పడతాడు. ఒకనాడు ఎంతసేపు నిలబడ్డా వినపడలేదు. గుండె జారి, వాగులో పడుతూ లేస్తూ పరుగెత్తాడు. వెళ్ళి చూస్తే వరాలమ్మ కొండ అవతల నుంచి ఒక పుట్టను మూతితో పెకలించి దొర్లించుకొచ్చి పెద్దమ్మ ముందు పెట్టింది. ఓబుళమ్మ నోటినిండా చెదలు ఉన్నాయి, అందుకని తిట్టలేదు.

నీతి: పెద్దవాళ్ళకు మంచి చోటు వాసన పట్టాలంటే ముందు మన ముక్కు పోగొట్టుకోవాలి.